వంటింట్లో వాన

"వేసుకోను," అంది చెల్లి.

అరవలేదు, ఏడవలేదు, పళ్ళెం విసిరికొట్టలేదు. విసిరికొట్టినా బాగుండేదనిపించింది అక్కకి. విసిరితే ఏరుకోవచ్చు, తుడుచుకోవచ్చు. ఇలా చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడికి తయారైన పిల్లలా బుద్ధిగా కూర్చుని వద్దనే మనిషిని ఏం చేస్తాం?

బల్ల మీద చిన్న స్టీలు పళ్ళెం. అందులో నిన్న సాయంత్రం మాత్రలు రెండు, ఈ పొద్దుటివి రెండు. అమ్మ నీళ్ళ గ్లాసు పట్టుకుని పావుగంట నుంచి నిలబడే ఉంది. చెయ్యి లాగుతున్నా గ్లాసు కింద పెట్టడం లేదు. పెడితే ఓడిపోయినట్టని ఆవిడ పట్టుదల.

"రెండు పూటలయిందే, తల్లీ. ఒక్క పూట కూడా తప్పకూడదని డాక్టరమ్మ చెప్పిందా లేదా?"

"చెప్పింది. డాక్టరమ్మ చాలా చెప్పింది. టీవీలో వాళ్ళు నా గురించి మాట్లాడరని కూడా చెప్పింది."

అక్క టీ కప్పుని చప్పుడు కాకుండా పెడదామనుకుంది. చప్పుడయింది.

చెల్లి ఇటు తిరిగింది. "నిన్న ఏడుగంటల సీరియల్లో ఆ చిన్నకోడలు ఏమందో విన్నావా, అక్కా?"

"నేను చూడను కదే ఆ సీరియల్."

ఆ మాట నిజమే. చూడదు, రాస్తుంది.

ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి అదే. అక్క సొంత సీరియల్ మధ్యాహ్నం వస్తుంది. మాటలు అని ఆమె పేరు పడగానే అమ్మా చెల్లీ చప్పట్లు కొడతారు. ఏడుగంటల సీరియల్ రచయిత నడుముకి ఆపరేషనై మంచం ఎక్కితే, మూడువారాలు చాటుగా రాసిపెట్టమని ఈమెని బతిమాలారు. పేరు పడదు. అందుకని ఇంట్లో చెప్పలేదనుకుంటున్నారేమో, కాదు. అందులో చిన్నకోడలికి పిచ్చెక్కుతుంది. "నీ ఇష్టమొచ్చింది రాసుకో, మన ఇంటిని మాత్రం రాయకు," అని అమ్మ ఏనాడో మాట తీసుకుంది.

"'వంటింట్లో వాన పడుతోంది' అంది," అని చెల్లి తనే చెప్పింది. "అచ్చం అలాగే. వాన వస్తోంది అనలేదు, కురుస్తోంది అనలేదు. పడుతోంది అంది. ఆ మాట మన ముగ్గురికీ డాక్టరమ్మకీ తప్ప ఎవరికి తెలుసు?"

ఎవరికీ తెలియదు మరి.

మూడేళ్ళ కిందట ఒక మిట్టమధ్యాహ్నం, బయట ఎండ పెళపెళలాడుతుంటే, చెల్లి వంటింట్లో చెవులు మూసుకుని కూర్చుని ఆ మాట అంది. మొదట చినుకుల చప్పుడులా వస్తుందట. కాసేపటికి చప్పుడులోంచి మాటలు ఊడిపడతాయట. మగగొంతు. అన్నీ తిట్లే. అమ్మ ఏం చెయ్యాలో తోచక తలుపు వెనకున్న గొడుగు తెచ్చి, వంటింట్లోనే విప్పి, కూతురి నెత్తిన పట్టుకుని నిలబడింది. ఆ అవతారం చూసి చెల్లి ఫక్కున నవ్వింది.

ఆ రోజు నుంచీ అది ఆ ఇంటి గుట్టుమాట. బజార్లో ఉన్నా, బస్సులో ఉన్నా చెల్లి మెల్లిగా "వంటింట్లో వాన పడుతోంది" అంటుంది. అమ్మో అక్కో "గొడుగు తెస్తున్నా" అని వచ్చి ఆనుకుని కూర్చుంటారు. అంతే. దాంతో ఆ గొంతు ఆగదు గాని, పిల్ల ఒక్కతే తడవదు.

"ఎవరికో అలా తోచి ఉంటుందే," అంది అక్క. "మాటలేగా. ఒకరికి తోచింది ఇంకొకరికి తోచకూడదా?"

"నేనూ అదే అనుకుందామని చూశాను," అంది చెల్లి. లేచి లోపలికెళ్ళి ఒక రూళ్ళ నోటుబుక్కు పట్టుకొచ్చింది.

దాన్ని చూడగానే అమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

జబ్బు ముదిరిన రోజుల్లో వార్తలు చదివే ఆవిడ తన గురించే చెబుతోందని చెల్లి టీవీ ముందు వణికిపోయేది. టీవీ మీద దుప్పటి కప్పేశారు. మందులు కాస్త పట్టాక డాక్టరమ్మ ఈ పుస్తకం చేతికిచ్చింది. వంద రోజులు, రోజుకొక్క లైను. "టీవీలో వాళ్ళకి నేనెవరో తెలియదు." మొదటి పేజీల్లో అక్షరాలు వణుకుతుంటాయి, పోనుపోనూ నిలదొక్కుకుంటాయి. వందో రోజున దుప్పటి తీశారు. ముగ్గురూ కూర్చుని ఏదో వంటల కార్యక్రమం చూశారు. టీవీ ఎవర్నీ ఏమీ అనలేదు. ఆ పూట అమ్మ స్నానాలగదిలో కుళాయి విప్పుకుని ఏడ్చి వచ్చింది.

"వందో లైను కింద చోటుంది," అంది చెల్లి, పెన్ను మూత తీస్తూ. "తారీఖు వేసి, 'ఇది నిజం' అని రాసి సంతకం పెట్టు. ఈ పూట మాత్రలు నీ ఎదురుగానే మింగుతాను."

"నా సంతకంతో ఏం పనే?"

"నువ్వు టీవీ మనిషివి. నీకు తెలుస్తుంది. ఇది నిజమైతే నాకు మళ్ళీ జబ్బు తిరగబెట్టిందన్నమాట, లేనిది వినబడుతోంది, మాత్రలు వేసుకోవాలి. ఇది అబద్ధమైతే మీరందరూ కలిసి నా చేత వంద రోజులు అబద్ధం రాయించారన్నమాట. రెండిట్లో ఒకటేగా అవుతుంది?"

ఇంత చక్కగా వాదించే పిల్ల క్రితంసారి మాత్రలు మానేసినప్పుడు నాలుగో రోజుకి నిద్ర మానేసింది, ఆరో రోజుకి తిండి మానేసింది, తొమ్మిదో రోజున బస్టాండులో చెప్పుల్లేకుండా దొరికింది. ఆ తరవాత నలభై రోజులు ఆసుపత్రి. ఆ నలభై రోజులు మళ్ళీ రాకూడదనే ఈ ఇల్లు గడియారం చూసుకుని బతుకుతోంది.

"సాయంత్రం వచ్చి చూస్తాను," అంది అక్క. "షూటింగుకి ఆలస్యమైపోయింది."

"సంతకానికి ఎంతసేపు పడుతుంది?"

అక్క చెప్పుల కోసం వెతికింది. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

* * *

అమ్మ మెట్ల మలుపు దాకా వెంటపడి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఎందుకు పెట్టలేదు?"

అక్క మెట్ల కమ్మీకేసి చూసింది.

"నిన్నే. గీకి పారేస్తే అయిపోయేదిగా. ఎందుకు పెట్టలేదు?" అని, అమ్మ ఆగిపోయింది. పెద్దకూతురి మొహం ఆవిడకి ముప్ఫై నాలుగేళ్ళుగా తెలుసు. "నువ్వేనా?"

"అమ్మా, ఆ రోజు వేడి కాగితం..."

"ఏం కాగితం?"

సెట్లో దాన్ని అలాగే అంటారు. సీను ముందుగా రాసుండదు. లైట్లు పెడుతుంటారు, నటి మేకప్ వేసుకుని కూర్చుంటుంది, రచయిత ఒక మూల స్టూలు మీద కూర్చుని రాస్తుంటే, సిరా ఆరకముందే కాగితం లాక్కెళ్ళి నటి చేతిలో పెడతారు. అదీ వేడి కాగితం. ఇరవై నిమిషాల్లో పిచ్చి డైలాగు కావాలన్నారు. తలలో ఏమీ లేదు. చెయ్యి దానంతటదే రాసేసింది. రాశాక ఒక్క క్షణం చూసుకుంది. కొట్టేద్దామనుకుంది. అప్పటికే కాగితం చేతిలో లేదు.

ఇదంతా చెబితే అమ్మ విన్నట్టే లేదు. రెండు మెట్లు దిగి, కూలబడిపోయింది.

"ఇంటిని రాయకన్నాను," అంది. అంతకన్నా ఏమీ అనలేదు. తిట్టి ఉంటే అక్క తట్టుకునేది.

కింద వాటాలో కుక్కర్ విజిల్ వేసింది.

"సరే," అని అమ్మ మోకాళ్ళ మీద చేతులూని లేచింది. "అయిందేదో అయింది. దానికి తెలియకూడదు. సాయంత్రం వచ్చి సంతకం పెట్టు."

"అబద్ధమమ్మా అది."

"నీ సీరియళ్ళన్నీ నిజాలా? ఊరందరికీ పొద్దస్తమానం అబద్ధాలు రాస్తావు. నా పిల్ల కోసం ఒక్కటి రాయలేవా? ముందు మందు దాని కడుపులో పడాలి. నిజం సంగతి తరవాత చూసుకుందాం."

* * *

"మాటలమ్మా! రా రా రా!"

సెట్లో అక్కకి ఉన్న పేరది. పిలిచింది కథలాయన. ఛానల్ తరఫున కథలు నడిపించే పెద్దమనిషి. ఎప్పుడు చూసినా కమలాపండు వలుస్తూ ఉంటాడు. తనొక్క తొన తిని, ఎదుటివాళ్ళకి తొక్కలిస్తాడు పారెయ్యమని.

"ఒక్క మాట రాశావు, ఊరంతా ఎత్తుకుంది! మా ఆవిడ పొద్దున నాకు టీ ఇస్తూ అంది, వంటింట్లో వాన పడుతోందని. చచ్చిపోయాననుకో నవ్వలేక. ఇక మీదట అది చిన్నకోడలి ఊతపదం. ఏ ఘోరం చేసే ముందైనా ఆ మాట అనాలి. ఆ మాట వినబడితే చాలు, జనానికి గుండె జారిపోవాలి."

"నేను ఘోరానికి రాయలేదండీ. సాయం అడుగుతోంది ఆ పిల్ల. ఆ వెంటనే ఆడబిడ్డ గొడుగు తెస్తుందని రాశాను. అదేమైంది?"

"తీసేశాం. పిచ్చిదానికి గొడుగు పట్టే మనిషుంటే ఇక కథెక్కడ నడుస్తుందమ్మా? ఆడబిడ్డ దాన్ని చూసి కెవ్వుమనాలి. అదీ పద్ధతి."

అక్క తొక్కలు పట్టుకుని నిలబడింది.

"ఇవాళ ఎపిసోడ్లో మేడ మీద పసిపిల్లని ఎత్తుకుని పిట్టగోడ అంచుకి వెళ్తుంది చూడు," అన్నాడాయన, "అక్కడ కూడా వేశాం. రాత్రికి రాత్రే డబ్బింగులో కలిపాం. నవ్వుతూ అంటుంది. ఒళ్ళు జలదరిస్తుందనుకో."

"ఇవాళా?"

"ఇవాళే. ఏడుగంటలకి."

అక్కకి కళ్ళముందు వందో లైను కనబడింది. సాయంత్రం సంతకం పెట్టినా ఏడింటికి టీవీ మళ్ళీ ఆ మాటే అంటుంది. ఈసారి చేతిలో పసిపిల్లతో.

"ఆ ఒక్క ముక్క తీసేయించండి. దణ్ణం పెడతాను."

"ఛానల్‌కి పంపేశాం. అయినా ఎందుకు తియ్యాలి?"

"అలాంటివాళ్ళు ఎవర్నీ భయపెట్టరండీ. వాళ్ళే భయపడతారు. గొంతు వినబడుతుంటే పనికెళ్తారు, బస్సెక్కుతారు, చిల్లర సరిచూసుకుంటారు. మీ పక్కనే కూర్చుంటే మీకు తెలియను కూడా తెలియదు."

"నీకెలా తెలుసు?"

చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు, మంచి క్షణం దొరకవు. మా ఇంట్లో ఉంది, నా చెల్లెలు, నాకన్నా మంచి మనిషి అని ఒక్క మాట చాలు. అక్క నోరు తెరిచింది. రోజూ పాతిక పేజీలు రాసే మనిషికి ఆ ఒక్క మాట పెగల్లేదు. చెబితే రేపట్నించి కథలాయన "ఆ తరవాత మీ చెల్లెలేం చేస్తుంది?" అని అడుగుతాడు. ఆమెకి తెలుసు, తప్పకుండా అడుగుతాడు.

"ఎక్కడో చదివాను," అంది.

"చదివింది చదివినట్టు రాస్తే ఎవరు చూస్తారమ్మా? భయపడేదాన్ని అరగంట సేపు ఎవరు చూస్తారు? నీకు బెంగక్కర్లేదు, చివర్లో తలకి దెబ్బ తగిలి నయమైపోతుందిలే. ఇప్పుడు శుక్రవారం సంగతి చెప్పు. తలుపు పగలగొట్టుకుని వచ్చేటప్పుడు చేతిలో కత్తుండాలా, కిరసనాయిలు డబ్బా ఉండాలా?"

మేకప్ గది బయట చిన్నకోడలు వేషం వేసే అమ్మాయి ఎదురైంది. ఆమె జుట్టుకి పౌడర్ కొట్టి, దువ్వెనతో వెనక్కి దువ్వి చిక్కులు చేస్తున్నారు. పిచ్చి వచ్చిందంటే ముందు జుట్టు చెడాలి కదా ఈ సీరియళ్ళలో.

"మేడం, ఆ వాన మాట," అంది ఆ అమ్మాయి మెల్లిగా. "మొదటిసారి చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. అలాగే చెప్పాను కూడా. కాదు, పగలబడి నవ్వుతూ చెప్పమన్నారు. నేను చెప్పిందే తప్పా మేడం?"

"నువ్వు చెప్పిందే సరిగ్గా ఉంది," అంది అక్క. అక్కడ ఆగలేక వెనకవైపు గోడ దగ్గరికి పోయి డాక్టరమ్మకి ఫోన్ చేసింది.

డాక్టరమ్మ అంతా వింది. తిట్టలేదు.

"సంతకం పెట్టకండి," అంది. "మూడేళ్ళుగా మనం ఆమెకి నేర్పుతున్నది ఏది బయటిది, ఏది లోపలిది అని తేడా పట్టుకోవడం. నిన్న ఆమె సరిగ్గా పట్టుకుంది. బయటి మాటని బయటిదే అంది. అది తప్పని మీరు సంతకం పెడితే ఇక ఆమె తన చెవుల్ని దేన్నీ నమ్మదు."

"నిజం చెబితే మాత్రలు వేసుకుంటుందా?"

"అది నేను చెప్పలేను."

"మరేం చెయ్యమంటారు?"

"ఇవాళే తీసుకురండి, ఆరున్నర దాకా ఉంటాను. ఇవాళ కుదరకపోతే రేపు పొద్దున్నే. నిజం చెప్పండి గాని, ఒంటరిగా వదలకండి. ఏమడిగినా ఉన్నదున్నట్టు చెప్పండి. కొత్తగా ఏదీ అల్లకండి. మీరు రచయితలు, మీకు అదే కష్టం."

* * *

దర్శకుడు వదిలేసరికి అయిదు దాటింది. ఆస్పత్రి సమయం అందదని తెలిసి కూడా అక్క ఆటోవాడిని తొందరపెట్టింది. ఇల్లు చేరేసరికి ఏడుకి ఇరవై నిమిషాలు తక్కువ.

చెల్లి అదే కుర్చీలో ఉంది. పళ్ళెంలో మాత్రలు ఇప్పుడు ఆరు.

"పని నుంచి మధ్యాహ్నమే వచ్చేసింది," అంది అమ్మ, వంటింటి గుమ్మంలోంచి.

చెల్లి బైండింగు షాపులో పనిచేస్తుంది. పుస్తకాలు కుట్టి, అట్టలు అతికిస్తుంది. ఏడాదిగా ఒక్క పూట నాగా పెట్టలేదు. ఆమె వేళ్ళ చివర జిగురు ఎండి తెల్లగా పొరలు కట్టి ఉంటుంది. ఇప్పుడు ఆ పొరలే ఒలుచుకుంటోంది.

"షాపులో కూడా అన్నారక్కా," అంది.

"ఏమని?"

"కత్తిరింపు మిషను దగ్గర ఆవిడ కాగితాలు తప్పు కోసింది. ఓనరుగారు, 'ఏమ్మా, వంటింట్లో వాన పడుతోందా?' అన్నారు. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే నాదేనని తెలిసిపోతుంది కదా." వేలి మీద పొర జాగ్రత్తగా ఒలిచి బల్ల మీద పెట్టింది. "వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరు ఆడపిల్లలు అన్నారు. ఇదివరకు జబ్బుగా ఉన్నప్పుడు, ఊళ్ళో అందరూ నా మాటే మాట్లాడుకుంటున్నారంటే, ఎవరూ మాట్లాడట్లేదు తల్లీ అని మీరు ఒట్టేసేవాళ్ళు. ఇవాళ కూడా వేస్తారా?"

అమ్మ ముందుకొచ్చింది. "అది ఆ సీరియల్ చూసి అంటున్నారే. నీ మాట కాదు. అక్క సంతకం పెడుతుంది చూడు. పెట్టు," అంటూ పెన్ను తెచ్చి అక్క వేళ్ళ మధ్య ఇరికించింది. "పెట్టవే."

"నిన్న అరగంటలో పదకొండుసార్లు పిచ్చిది అన్నారు ఆ పిల్లని," అంది చెల్లి, ఎవరితోనో అన్నట్టు. "నాన్న నన్ను పిచ్చుక అని పిలిచేవాడు. పిచ్చి అన్న మాట ఎక్కడ తగులుతుందోనని మీరా పేరే మానేశారు. వాళ్ళకేం, హాయిగా అంటున్నారు."

అక్క కూర్చుంది. నోటుబుక్కు ముందుకు లాక్కుంది. తారీఖు వేసింది. "ఇది" అని రాసింది.

అమ్మ ఊపిరి వదిలింది.

డాక్టరమ్మ మాట ఒక చెవిలో, అమ్మ మాట ఒక చెవిలో. నిజమని రాస్తే పిల్ల ఈ పూటకి మాత్ర మింగుతుంది. ఏడింటికి పక్కింటి టీవీ మళ్ళీ ఆ మాటంటే? అప్పుడూ నీకు జబ్బే అనాలి. రేపు షాపులో అంటే? జబ్బే. అలా సరిగ్గా వినే పిల్లని పట్టుకుని రోజూ జబ్బుమనిషిని చెయ్యాలి. అదీ తన సంతకంతో.

"రెండక్షరాలే," అంది అమ్మ. "ని-జం."

అక్క పెన్ను కింద పెట్టేసింది.

"నేనే రాశానే," అంది. "టీవీకి నువ్వు తెలియదు. నాకు తెలుసు. ఆ సీరియల్‌కి మూడువారాలుగా నేనే చాటుగా రాస్తున్నాను. ఆ మాట నేనే పెట్టాను. నీకు సరిగ్గానే వినబడింది."

అమ్మ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

చెల్లి కొడుతుందనుకుంది అక్క. కొట్టాలనే కోరుకుంది. చెల్లి కొట్టలేదు. ఆమె భుజాలు మెల్లిగా దిగాయి, నిన్నటి నుంచీ మోస్తున్నది దించినట్టు.

"అయితే నాకు తిరగబెట్టలేదు," అంది.

"లేదు."

"అది బయటి మాటే."

"బయటిదే. తప్పు నాది. నీ చెవులది కాదు."

"మరి గొడుగెందుకు రాయలేదు?"

అక్కకి కళ్ళనీళ్ళు ఆగలేదు. "రాశాను, తల్లీ. తీసేశారు."

చెల్లి తలూపింది. అర్థమైందన్నట్టే ఊపింది. "నీమీద కోపం వస్తోంది," అంది. "చాలా వస్తోంది. తరవాత కోప్పడతాను. ముందు ఒకటి చెప్పు. నువ్విక్కడ కూర్చుని రాస్తే, అక్కడెవరో నోరు తెరిచి అదే అంటారు. అంతేనా?"

"అంతే."

"వాళ్ళకి ఇష్టం లేకపోయినా?"

ఆ నటి మొహం గుర్తొచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పమంది డాక్టరమ్మ. "ఇష్టం లేకపోయినా," అంది అక్క.

"అయితే లోపల తిట్టేవాడికి ఎవరు రాస్తున్నారు?"

"ఎవరూ రాయరే. అది జబ్బు."

"పొద్దున ఇది కూడా ఎవరికో తోచి ఉంటుందన్నావు."

అక్క కళ్ళు తుడుచుకుంది.

చెల్లి నోటుబుక్కు తనవైపు తిప్పుకుంది. వందో లైనున్న పేజీ తిప్పేసి, కొత్త పేజీ తీసి, అరచేత్తో రెండుసార్లు చదును చేసింది. పెన్ను తీసుకుని అక్క చేతిలో పెట్టింది.

"వాడికి కూడా నువ్వే రాయి," అంది. "రేపట్నించి ఏమనాలో. కాస్త మంచి మాటలు రాయక్కా. తిట్లు లేకుండా."

"అలా కుదరదే..."

"నీ మాట ఊరంతా విన్నారుగా. వాడు వినడా?"

అమ్మ కళ్ళు తెరిచింది. పళ్ళెం వైపు చూసింది, నోటుబుక్కు వైపు చూసింది. ఆవిడకి అక్కకన్నా ముందే అర్థమైపోయింది. వంగి, పెద్దకూతురి చెవి దగ్గర గుసగుసలాడింది.

"రాయవే. మాత్ర వేసుకోమని రాయి. రోజూ వేసుకోమంటాడని రాయి. నీ కాళ్ళు పట్టుకుంటాను, రాయి."

పక్కింట్లో ఏడుగంటల సీరియల్ పాట మొదలైంది. చెల్లి చెవులు మూసుకోలేదు. గోడకేసి కూడా చూడలేదు. అక్క చేతిలోని పెన్ను మొన మీదే కళ్ళు పెట్టుకుని, మొదటి అక్షరం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.